కోస్ నుంచి పత్మాసుకు తెరచాప పడవలో: వారంలో సామోస్ కూడా కుదురుతుందా?

ప్రశ్న:
సెప్టెంబరు మొదటి వారంలో గ్రీకు దీవి కోస్‌లో 40 అడుగుల తెరచాప పడవ అద్దెకు తీసుకుంటున్నాం. శనివారం నుంచి శనివారం దాకా. ఆరుగురం, ఇద్దరికి నడపడం వచ్చు. పత్మాసు దీవిలో, యోహాను ప్రకటన గ్రంథ దర్శనం పొందాడని చెప్పే గుహ తప్పనిసరి. పౌలు ఆగిన సామోస్ దీవి, వీలైతే క్రేతులో పౌలు ఓడ ఆగిన ‘మంచి రేవులు’ అనే చోటు కూడా చూడాలని ఉంది. సాధ్యమేనా? పత్మాసు రేవు స్కాలాలో పడవ కట్టడం కష్టమంటున్నారు, నిజమేనా?

జవాబు 1:
క్రేతు వదిలేయండి. కోస్ నుంచి ‘మంచి రేవుల’కు సూటిగా కొలిస్తేనే 170 నాటికల్ మైళ్ళు. అది వేరే ప్రయాణం.

అసలు లెక్క గాలిది. వేసవిలో ఈజియన్ సముద్రంలో వీచే మెల్తెమి అనే గాలి సెప్టెంబరులోనూ ఉంటుంది, ఈ దీవుల్లో ఎక్కువగా వాయవ్యం నుంచి వస్తుంది. పత్మాసు కోస్‌కు సరిగ్గా అటువైపే, సుమారు 45 మైళ్ళ దూరంలో ఉంది. అంటే వెళ్ళేటప్పుడంతా ఎదురుగాలి. అందుకే కష్టమైన సగాన్ని ముందే ముగించండి. ఆదివారం తెల్లవారగానే బయలుదేరి లేరోస్ దీవిలోని లక్కీ రేవు (సుమారు 30 మైళ్ళు), సోమవారం లిప్సీ దీవి, మంగళవారం పత్మాసు. చివరి రెండూ పదకొండేసి మైళ్ళే. గాలి మధ్యాహ్నం పెరుగుతుంది కాబట్టి ఒంటిగంటకల్లా లంగరు వేసెయ్యాలి. దారిలో ఉన్న కాలిమ్నోస్ దీవి కొండల చాటున ప్రశాంతంగా ఉంటుందనుకోకండి. గాలి కొండ మీంచి జారి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. దాని పక్కకు చేరకముందే తెరచాప కుదించండి.

బుధవారం నుంచి శుక్రవారం దాకా గాలి 4 బోఫోర్ట్ (గాలి వేగాన్ని కొలిచే స్కేలు) మించదని వాతావరణ సూచన ఉంటేనే సామోస్. పత్మాసు నుంచి సామోస్‌లోని పిథాగోరియో రేవుకు 30 మైళ్ళు, అక్కడి నుంచి కోస్‌కు 50. శుక్రవారం సాయంత్రానికి పడవ తిరిగి రేవులో ఉండాలని చాలా సంస్థలు అడుగుతాయి, అది మరిచిపోవద్దు.

జవాబు 2:
సామోస్ అంత ముఖ్యమైతే పిథాగోరియోలో ఎక్కి కోస్‌లో దిగండి. ఒకవైపు ప్రయాణానికి అదనపు రుసుము ఉంటుంది, కానీ గాలి వెనక నుంచి వస్తుంది. అపొస్తలుల కార్యములు 20, 21 అధ్యాయాల్లో పౌలు వెళ్ళిన దిశ కూడా అదే: మితులేనే, కియొసు, సమొసు (సామోస్), మిలేతు, కోసు (కోస్), రొదు. సామోస్‌లో ఏ రేవో గ్రంథం చెప్పదు, కాబట్టి ఫలానా గట్టునే దిగాడని ఎవరైనా చూపిస్తే అది సంప్రదాయమనే తీసుకోండి.

సామోస్ తూర్పు జలసంధి మైలు వెడల్పే, అవతల టర్కీ. గ్రీకు వైపే ఉండండి.

జవాబు 3:
స్కాలా గురించి. పడవ వెనకభాగం గట్టుకు ఉండేలా కట్టాలి. గట్టుకు 45 మీటర్ల దూరంలో లంగరు వదిలి, గొలుసు జారవిడుస్తూ నెమ్మదిగా వెనక్కి రండి. పక్కగాలి ఉంటే గాలి వచ్చేవైపు తాడు ముందు కట్టాలి, లేకపోతే ముందుభాగం కొట్టుకుపోయి పక్క పడవ గొలుసు మీదికి వెళ్తుంది. రెండు తాళ్ళూ కట్టాక గొలుసు బిగించి, ఇంజన్ వెనక్కి నడిపి లంగరు పట్టిందో లేదో చూడండి.

అక్కడ అసలు సమస్య ఫెర్రీల అల. లంగరు సరిగా పట్టకపోతే ఆ అలకు పడవ వెనక్కి వచ్చి చుక్కాని గట్టుకు తగులుతుంది. గట్టుకు రెండు మీటర్ల ఎడం ఉంచండి, రాత్రి దిగుడు పలక ఎత్తేయండి. గుహకు వెళ్ళేటప్పుడు నడపడం వచ్చినవారు ఒకరు పడవలోనే ఉండాలి.

బయలుదేరేటప్పుడు మీ లంగరు వేరొకరి గొలుసుతో పైకొస్తే కంగారు వద్దు. ఆ గొలుసు కిందనుంచి ఒక తాడు దూర్చి రెండు కొసలూ పడవకు కట్టండి. మీ లంగరును కొద్దిగా దించితే విడిపోతుంది. తర్వాత తాడు ఒక కొస వదిలేయండి.

జవాబు 4:
గుహ స్కాలాకూ పైన కొండమీదున్న ఖోరా అనే ఊరికీ మధ్యలో ఉంది, నడిచే వెళ్ళొచ్చు. లోపల మూడుగా చీలిన రాతికప్పు, యోహాను తల ఆనించాడని చెప్పే గూడు చూడండి, తొందరపడకండి. 1088లో క్రిస్టోడూలోస్ స్థాపించిన మఠం ఖోరాలో ఉంది. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు కావాలి. మధ్యాహ్నం కొన్ని రోజులే తెరుస్తారు, కాబట్టి పొద్దున్నే పెట్టుకోండి.

నడిపేవారి సర్టిఫికెట్ అక్కడ చెల్లుతుందని పూర్తి డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తీసుకోండి. రెండోవారి అనుభవానికి కూడా సంతకంతో పత్రం అడుగుతారు.