పల్లె పక్కన ఉన్న గోల్ఫ్ కోర్సుకు తొలిసారి వెళ్తున్నాము: సలహాలు కావాలి

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పదవీ విరమణ తరువాత గోల్ఫ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన మా నాన్నగారిని, పొలాల నడుమ ఉన్న ఒక ప్రశాంతమైన కోర్సుకు తీసుకువెళ్ళాలని అనుకుంటున్నాను. ఆరు నెలలుగా మేమిద్దరం డ్రైవింగ్ రేంజ్‌లోనే (బంతులు కొట్టడం సాధన చేసే మైదానంలో) సాధన చేశాము. అసలైన కోర్సులో ఇంతవరకు అడుగు పెట్టలేదు. మేము 18 హోల్స్ (తొలి దెబ్బ నుంచి బంతిని గుంటలో వేసేవరకు ఆడే భాగం ఒక హోల్) ఆడాలా, 9 సరిపోతాయా? మా నెమ్మది వల్ల వెనుక వచ్చేవారికి ఇబ్బంది కలుగుతుందేమోనన్నదే నాన్నగారి బెంగ.

సమాధానం:
తప్పకుండా 9 హోల్స్‌తోనే మొదలుపెట్టండి. 18 హోల్స్ పూర్తి కావడానికి నాలుగు గంటలకు పైగా పడుతుంది, నడక కూడా ఎనిమిది కిలోమీటర్లు దాటవచ్చు. ఆ అలసటలో చివరి హోల్స్ మీ నాన్నగారికి భారంగా తోస్తాయి. వెళ్ళే ముందు ఫోన్ చేసి, సభ్యులు కానివారిని ఏ వేళల్లో అనుమతిస్తారో, ఆ రోజు పోటీలేమైనా ఉన్నాయో, అద్దెకు ట్రాలీ దొరుకుతుందో కనుక్కోండి. చిన్న కోర్సుల్లో సిబ్బంది తక్కువగా ఉంటారు కనుక ఈ ఫోన్ చాలా అవసరం. వారాంతం కాని రోజున మధ్యాహ్నం వేళ మంచిది. పొద్దున్నే వెళితే గ్రీన్‌పై (గుంట చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డిపై) మంచు తడికి బంతి సరిగా దొర్లదు.

మరొక సమాధానం:
మీ నాన్నగారి బెంగ ఆయన మర్యాదను తెలుపుతోంది, కానీ దానికి ఉపాయాలు ఉన్నాయి. గుంటకు దగ్గరగా ఉండే టీల (తొలి దెబ్బ కొట్టే చోట్ల) నుంచి ఆడండి. ఎవరు సిద్ధంగా ఉంటే వారే ముందు కొట్టండి. 2019లో సవరించిన నియమాలు స్ట్రోక్ ప్లేలో (మొత్తం దెబ్బలను లెక్కించే ఆటలో) దీనిని ప్రోత్సహిస్తున్నాయి. పోయిన బంతిని వెతకడానికి అప్పటివరకు ఐదు నిమిషాలున్న గడువును కూడా అవే నియమాలు మూడు నిమిషాలకు తగ్గించాయి. పల్లె కోర్సుల్లో ఫెయిర్‌వే (టీకి, గ్రీన్‌కు నడుమ కత్తిరించిన గడ్డి దారి) పక్కన గడ్డి ఏపుగా పెరిగి ఉంటుంది, కాబట్టి పాత బంతులు ఓ డజను వెంట ఉంచుకోండి. నియమం ప్రకారం 14 క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) వరకు తీసుకువెళ్ళవచ్చు గాని, మీకు ఏడు చాలు.

లెక్కకు స్టేబుల్‌ఫోర్డ్ పద్ధతిని ఎంచుకోవాలని నా గట్టి సలహా. అందులో హోల్ హోల్‌కూ పాయింట్లు వస్తాయి. ఒక హోల్‌లో ఇక పాయింటు రాదని తేలినప్పుడు బంతిని చేతిలోకి తీసుకుని తరువాతి హోల్‌కు నడవవచ్చు. కొత్తవారిని కుంగదీసేది ఒక్క హోల్‌లో పన్నెండు, పదమూడు దెబ్బలు లెక్కపెట్టుకోవడమే, ఈ పద్ధతిలో ఆ బాధ ఉండదు. అయినా వెనుక బృందం దగ్గరపడితే, పక్కకు జరిగి వారిని ముందుకు పంపండి.

ఇంకొక సమాధానం:
పై మాటలకు ఒకటి చేరుస్తాను. లేచిన మట్టిగడ్డను తిరిగి దాని చోట పెట్టి తొక్కండి, గ్రీన్‌పై బంతి చేసిన గుంటను సరిచేయండి, బంకర్‌లోని ఇసుకను రేక్‌తో చదును చేయండి. కొద్దిమంది మనుషులే అంత నేలను కాపాడుకుంటున్న చోట ఈ పనుల విలువ ఎక్కువ. బంతి దారితప్పి ఎవరివైపైనా వెళితే, వెంటనే "ఫోర్" (గోల్ఫ్‌లో 'జాగ్రత్త' అనే హెచ్చరిక) అని గట్టిగా అరవండి, సంకోచించకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఫోన్ చేశాను, మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు 9 హోల్స్‌కు సమయం ఇచ్చారు. స్టేబుల్‌ఫోర్డ్ సంగతి చదివి వినిపించగానే నాన్నగారు పాత బంతులను కడగడం మొదలుపెట్టారు.