ఫొటోక్యాటలిస్ట్‌ను ‘కిరణజన్య ఉత్ప్రేరకం’ అనొచ్చా? (మాట్లాడేవారిని వాళ్ల ఊరి పేర్లతో సూచించాం.)

తణుకు: రొయ్యల చెరువు నీటిలో మిగిలిపోయే ఆక్సీటెట్రాసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందులను టైటానియం డయాక్సైడ్ పొడి, ఎండ కలిసి విరగ్గొట్టే పద్ధతి మీద రైతులకు కరపత్రం తయారవుతోంది. వెలుతురు తగిలితే, తాను ఖర్చవకుండా రసాయన చర్యను వేగం చేసే ఇలాంటి పొడినే ఫొటోక్యాటలిస్ట్ అంటారు. దానికి పై మాట వాడొచ్చాండీ?

అమలాపురం: వద్దండి. ‘కిరణజన్యం’ అంటే కిరణాల వల్ల పుట్టింది. సంయోగక్రియకు అది సరిపోయింది. ఈ పొడి కిరణాల వల్ల పుట్టలేదు కదా. ‘కాంతి ఉత్ప్రేరకం’ అన్నా కాంతే ఉత్ప్రేరకమన్న అర్థం వస్తుంది. కాంతి ఖర్చయిపోతుంది, పొడి మిగులుతుంది.

భీమవరం: మన ‘తోడు’ ఉందిగా! పాలకు తోడు వేసినట్టే.

కాకినాడ: తోడు పెరుగుతుందండి. చెంచాడు వేస్తే గిన్నెడు పెరుగై, అదే మళ్లీ తోడవుతుంది. పొడి అలా కాదు, లీటరుకు అర గ్రాము వేస్తే చివరికీ అర గ్రామే. 387 నానోమీటర్లకన్నా పొట్టి తరంగం తగిలితే అందులో ఎలక్ట్రాన్ ఎగిరి ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ వల్ల నీటి నుంచి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చాలా చురుకైన కణం మందు అణువును కోస్తుంది. ఎండలో ఆ అతినీలలోహిత భాగం నూటికి 4, 5 వంతులే. మామూలు గది దీపంలో అది దాదాపు ఉండదు. దాని కింద పెట్టి ఫలితం లేదనుకునేవాళ్లు అందుకే ఎక్కువ. కరపత్రంలో ‘ఎండకు పనిచేసే ఉత్ప్రేరకం’ అని విప్పి రాయండి.

అమలాపురం: అది బాగుంది. ‘శుద్ధి’ అనే మాటతోనూ జాగ్రత్త. కాలవ నీళ్లలో పటిక తిప్పితే తేటపడతాయి, కరిగిన మందు మాత్రం అలాగే ఉంటుంది. అయినా తేట ముందు కావాలి, బురదలో వెలుతురు దిగదు.

కాకినాడ: అవునండి. పరీక్షించి చూసేటప్పుడు నీటిని తేర్చి, వడకట్టి, పొడి కలిపి, మొదట 30 నిమిషాలు చీకట్లో కలియబెట్టాలి. లేకపోతే పొడికి అంటుకున్న మందును కూడా విరిగిపోయిన లెక్కలో వేసేస్తాం. ఆ తర్వాతే ఎండ. చెరువు నీటిలోని బైకార్బనేటు, ఉప్పులోని క్లోరైడు రాడికల్‌ను మింగేస్తాయి. స్వేదనజలంలో వచ్చిన వేగం ఇక్కడ ఆశించకూడదు.

తణుకు: మరి ‘తొలగింపు’ అనొచ్చా?

కాకినాడ: ‘విఘటనం’ అనండి, అంటే ముక్కలుగా విరగడం. పసుపు రంగు పోయినా ముక్కలు మిగలొచ్చు. మొత్తం సేంద్రియ కర్బనం, అంటే నీటిలో ఇంకా మిగిలిన సేంద్రియ పదార్థాల్లోని కర్బనమంతా, కొలిస్తేనే తెలుస్తుంది. ఇంకొకటి, పొడిని నేరుగా చెరువులో చల్లమని రాయకండి. రేణువులు 20 నానోమీటర్ల పాటివి, మామూలు వడపోతకు ఆగవు. చెరువు నీటికైతే పొడిని గాజు పలకకు అంటించి, దాని మీదుగా నీరు పారించాలి.