"మీకెవరూ లేరా?" అని అడగకుండా కార్డు నింపడం ఎలా?

ఘాట్ నర్సు, విజయవాడ

నేను ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని, చేరి రెండేళ్లయింది. గత నెల నుంచి ప్రతి గురువారం సాయంత్రం కృష్ణా ఘాట్ల దగ్గర, బస్టాండు పక్క ఫుట్‌పాత్‌ల మీద పడుకునేవాళ్లకు బీపీ, షుగర్ చూసి కార్డు రాసే పని నాకు అప్పగించారు.

నిన్న మెట్ల మీద ఒక పెద్దాయన కనబడ్డారు. అరవై దాటి ఉంటాయి. ఎర్ర పంచె, రుద్రాక్షలు, జడలు కట్టిన జుట్టు. కుడికాలి బొటనవేలి కింద పుండుకు గుడ్డ చుట్టుకున్నారు, వాసన వస్తోంది. షుగర్ 380 చూపించింది. ఫారంలో ఉన్న వరుసలోనే అడిగాను: పేరు, ఇంటిపేరు, ఊరు, చిరునామా, ఇంట్లో ఎంతమంది. ఇంటిపేరు దగ్గరే ఆయన గొంతు తగ్గింది. "మీకెవరూ లేరా తాతా?" అన్నాను, జాలితోనే. ఆయన మూట సర్దుకుని, ఆ కాలితోనే కుంటుకుంటూ బ్యారేజీ వైపు వెళ్లిపోయారు. మా అటెండరు "ముందు ఆ జుట్టు కత్తిరించి స్నానం చేయిస్తే దారికొస్తారు" అన్నాడు. అది ఆయన చెవిన పడిందో లేదో తెలియదు, నాకు మాత్రం సిగ్గేసింది.

ఫారం నింపకపోతే పైవాళ్లు ఊరుకోరు. నింపబోతే మనిషి లేచిపోతున్నారు. వచ్చే గురువారం ఆయన కనబడితే ఎలా మొదలుపెట్టాలి?

రిటైర్డ్ హెడ్ నర్సు, గుంటూరు

గురువారం ఏమిటి అమ్మాయీ? షుగర్ 380, కాలికి వాసన వస్తున్న పుండు. అది వారం ఆగే కాలు కాదు. రేపు పొద్దున్నే వెళ్లి వెతుకు. అక్కడ టీ కొట్టు వాళ్లను అడుగు, వాళ్లకు తెలుస్తుంది.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. మన దగ్గర ఇంటిపేరు అడిగితే సగం కులం అడిగినట్టే. నీ మనసులో అది లేకపోవచ్చు. కానీ ఆ ప్రశ్న తరువాత ఏం వస్తుందో ఆయన బతుకంతా చూసే ఉంటారు. ఆ గడి చివరికి వదిలెయ్యి. "ఎవరూ లేరా" అన్న మాట అసలు వద్దు. ఉండి కూడా లేనివాళ్ల గురించి నడిమెట్ల మీద, పదిమంది ముందు ఎవరు చెబుతారు?

కాలితో మొదలుపెట్టు. ఆయన కంటే ఒక మెట్టు కింద కూర్చో. మాస్కు వేసుకోవాలంటే దూరం నుంచే వేసుకుని రా, ఆయన ఎదుట తీసి తగిలించుకోకు. "కట్టు విప్పమంటారా?" అని అడిగి, సరేనన్నాకే చెయ్యి వెయ్యి.

జడల సంగతి. మొక్కుకున్న జడలు కావచ్చు, నూనె, దువ్వెన లేక కట్టినవి కావచ్చు. చూసి చెప్పలేవు, అడగాల్సిందే. పేలు, పుళ్లు ఉన్నాయేమో చూడటానికి వేళ్లతో పాయలు విడదీస్తే చాలు. మా వార్డుకు ఒకసారి పేరు తెలియని ఒకామెను తెచ్చారు. మురికిగా ఉన్నాయని ఆయాలు జుట్టు కత్తిరించి, మెడలో పసుపుతాడు కూడా తీసి పారేశారు. నేను డ్యూటీకి వచ్చేసరికి ఆమె రెండు చేతులతో మెడ పట్టుకుని గోడవైపు తిరిగి ఉంది. చెత్తబుట్టలన్నీ వెతికించాను, దొరకలేదు. కొత్త పసుపుతాడు తెప్పిస్తే తీసుకోలేదు. తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. ఆమెకు ఏ మందు పడదో, ఏ జబ్బు ఉందో మాకు తెలియకుండా పోవడానికి కారణం ఆ కత్తెరే.

తిండి గురించి "రోజుకు ఎన్నిసార్లు తింటారు?" అని అడగకు. అందరూ మూడుసార్లే చెబుతారు, పరువు కోసం. "నిన్న పొద్దున లేచాక ఏం తిన్నారు, ఎక్కడ?" అని అడుగు. మధ్యాహ్నం దుర్గమ్మ కొండ మీద అన్నదానం, మర్నాడు అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయల భోజనం, రాత్రికి ఏమీ లేదు అని తేలుతుంది. ఇది తెలియక షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర ఇస్తే, తిండి దొరకని రోజున షుగర్ పడిపోయి చెమటలు పట్టి పడిపోతారు. దారిన పోయేవాళ్లు తాగి పడ్డాడనుకుంటారు. "రాత్రి భోజనం ఖాయం కాదు" అని డాక్టరు గారికి కనబడేలా కార్డు మీద పెద్ద అక్షరాలతో రాయి.

ఇంకొకటి, ఈయనకు సంబంధం లేకపోయినా చెబుతాను. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ముసలమ్మలు తగిలితే "చుట్ట కాలుస్తారా?" దగ్గర ఆగిపోకు. "అడ్డపొగా?" అని అడుగు. నిప్పు లోపలికి పెట్టి కాల్చే అలవాటు అది. టార్చి వేసి అంగిలి చూడు. తెల్లమచ్చో మానని పుండో ఉంటే క్యాన్సర్ పరీక్షకు పంపు.

రాత్రి షెల్టర్ మేనేజరు, విజయవాడ

సిస్టర్ గారూ, చిరునామా గడికి నా ఉపాయం: "రాత్రి వాన పడితే ఎక్కడికి వెళతారు?" అని అడగండి. ఏ ప్లాట్‌ఫామో, ఏ కొట్టు చూరో చెబుతారు. దగ్గు రెండు వారాలు దాటినవాళ్లకు టీబీ ఉందేమోనని చేసే కళ్లె పరీక్ష రిపోర్టు వచ్చినప్పుడు మనిషిని పట్టుకోవాలంటే అదే అసలు చిరునామా.

మూటను కాలితో జరపకండి, తెరవకండి. వాళ్లు ఆసుపత్రికి రానిది చాలాసార్లు సూది భయంతో కాదు, మూట పోతుందని. మా దగ్గర ఒకాయన మూటలో ఉన్నదల్లా 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో తడిసి ముద్దయిన రేషన్ కార్డు. దాన్ని ఇప్పటికీ రోజూ ఎండబెడతారు.

ఆధార్ లేదని ఎవరైనా వెనక్కి పంపితే గట్టిగా మాట్లాడండి. అత్యవసరంలో ప్రాణం ముందు, కాగితాలు తరువాత అని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

స్టాఫ్ నర్సు, గుంటూరు

చదవడానికి బాగుంది. సాయంత్రానికి నలభై మందిని చూడాలి. ఒక్కొక్కరి పక్కన మెట్టు మీద కూర్చుంటే తెల్లారుతుంది.

రిటైర్డ్ హెడ్ నర్సు, గుంటూరు

నలభై మందిలో పుండుతో లేచిపోయేది ఒకరో ఇద్దరో. వాళ్ల దగ్గర కూర్చో. మిగతావాళ్లకు ప్రశ్నల వరుస మార్చడానికి అదనపు సమయం ఏమీ పట్టదు.

ఘాట్ నర్సు, విజయవాడ

మేడం, మీరన్నట్టే పొద్దున్నే వెళ్లాను. టీ కొట్టు ఆమే చూపించింది. కింది మెట్టు మీద కూర్చుని కాలు అడిగాను. కట్టు విప్పనిచ్చారు. పుండు లోతుగా ఉంది, చుట్టూ నల్లబడింది, వేలు తాకితే తెలియడం లేదన్నారు. జడలు పదకొండేళ్ల మొక్కట, అడగకుండానే చెప్పారు. 108 వస్తే మూట ఒడిలో పెట్టుకునే ఎక్కారు, నేనూ వెంట వెళ్లాను. వార్డులో చేర్చుకున్నారు. మూట మంచం కింద కాదు, తల దగ్గర పెట్టించాను.

పుండు మానేదాకా అక్కడ ఉంచుకోరు కదా. ఆ తరువాత రోజు విడిచి రోజు డ్రెస్సింగ్ ఎక్కడ?

రాత్రి షెల్టర్ మేనేజరు, విజయవాడ

డిశ్చార్జి రోజు సాయంత్రం ఆరు దాటాక మా దగ్గరికి తీసుకురండి. కింది అంతస్తులో మంచం ఉంది, మూటకు తాళం పెట్టె ఉంది. డ్రెస్సింగ్ చేసేవాళ్లు మాత్రం లేరు, అది మీ కేంద్రం నుంచే ఎవరైనా రావాలి.