14 అడుగుల రెటిక్, అదీ మీదికొచ్చే రకం: తీసుకోవాలా, వద్దా?

శివారు_వాసి
డాలస్ శివార్లలో సొంతిల్లు. తెలిసినవాళ్లు ఫ్లోరిడాకి మారుతున్నారు. వాళ్ల దగ్గర రెటిక్యులేటెడ్ పైతాన్ (రెటిక్ అనే పెద్ద కొండచిలువ జాతి) ఉంది. అక్కడ 2021 నుంచి అది నిషేధిత జాబితాలో ఉంది కాబట్టి తీసుకెళ్లలేరు, మమ్మల్ని ఉంచుకోమంటున్నారు. ఆడది, 7 ఏళ్లు, 14 అడుగులు, 34 కిలోలు. 8 అడుగుల పొడవు, 4 అడుగుల లోతు ఉన్న పీవీసీ పెట్టె, హీట్ ప్యానెల్, థర్మోస్టాట్ కూడా ఇస్తారట. చిక్కల్లా తలుపు తీయగానే మీదికి వస్తుంది. రెండేళ్లుగా దాన్ని ఎవరూ పట్టుకోలేదు. మా ఇంట్లో ఇప్పటికే ఒక బాల్ పైతాన్, ఒక కార్న్ స్నేక్ ఉన్నాయి, రెండూ చిన్న పెంపుడు పాములే. ఇంట్లో నేను, నా భార్య, నాలుగేళ్ల పాప. వద్దంటే ఎందుకు వద్దో, సరే అంటే ఏమేం ఉండాలో చెప్పండి.

కుబుసం
"మీదికి వస్తుంది" అన్న ఒక్క మాటతో ఏదీ తేలదండీ. భయంతో వచ్చే పాము వేరు, తిండి అనుకుని వచ్చే పాము వేరు.

భయపడ్డ రెటిక్ తల వెనక్కి లాగి మెడ మెలిక పెడుతుంది, గట్టిగా బుసకొడుతుంది, కాటేసి వెంటనే వదిలేస్తుంది. తిండి అనుకున్న రెటిక్ చప్పుడే చేయదు. తలుపు కదలగానే తల అటు తిరుగుతుంది. నాలుక నెమ్మదిగా, పొడుగ్గా బయటికొచ్చి ఆడుతుంది. తల అంగుళం అంగుళం ముందుకు జరుగుతుంది. ఇది పట్టిందంటే వదలదు, ఆ వెంటనే చుట్టేస్తుంది. చూసేవాళ్లకి బుసకొట్టేదే భయంకరంగా ఉంటుంది గానీ, ప్రాణం మీదికి తెచ్చేది ఈ రెండోదే.

అయితే మార్చగలిగేది కూడా ఈ రెండోదాన్నే. రెండేళ్లుగా తిండి పెట్టడానికి తప్ప తలుపు తెరవకపోతే, తలుపు తెరుచుకుందంటే కుందేలు వచ్చినట్టేనని అది నేర్చుకుంది. నేర్చుకున్నదాన్ని మాన్పించవచ్చు. కొత్త ఇంటికి వచ్చాక రెండు వారాలు ముట్టుకోకండి, నీళ్లు మార్చడం తప్ప. ఆ తర్వాత వారానికి మూడుసార్లు తలుపు తీసి, 4 అడుగుల హుక్‌తో (పాముని ఎత్తే కొక్కెం కడ్డీ) ఒంటి మధ్యభాగాన్ని నెమ్మదిగా నిమరండి. తల వెనక్కి తగ్గి, నాలుక మామూలుగా ఆడడం మొదలయ్యేదాకా నిమిరి తలుపు మూసేయండి. ఆ రోజు తిండి పెట్టకూడదు. తిండి రోజున హుక్ అసలు కనిపించకూడదు. హుక్ తగిలితే తిండి లేదని అది నేర్చుకోవాలి. మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి హుక్ తగిలించి కుందేలు ఇచ్చారా, మళ్లీ మొదటికి వస్తారు.

ఓపిక ఉంటే తీసుకోవచ్చనే నా మాట.

నల్లరేగడి
శిక్షణ గురించి కుబుసం గారు చెప్పినదంతా నిజమే. కానీ ప్రశ్న పాము మారుతుందా అన్నది కాదు. ఆ తలుపు తెరిచే ప్రతిసారీ పక్కన రెండో పెద్దమనిషి ఉంటారా, అదీ రాబోయే 15 ఏళ్లు? రెటిక్‌లు 20 ఏళ్లు దాటి బతుకుతాయి. మీకిచ్చేది ఏడేళ్ల పాము.

ఎనిమిది అడుగులు దాటిన పాము దగ్గర ఒంటరిగా ఉండకూడదన్నది పెద్ద పాముల్ని పెంచేవాళ్ల మొదటి నియమం. 14 అడుగులకి ఇద్దరు చాలరు, ముగ్గురుంటే మంచిది. చుట్టేసిన పాము ఊపిరి ఆపి చంపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ బిగింపుకి ముందు ఆగేది రక్త ప్రసరణ. మెడకి చుట్టుకుంటే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది, చెయ్యి పనిచేయదు, కేక రాదు. అందుకే "నాకు బలముంది, విడిపించుకుంటాను" అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. 2019లో ఇండియానాలో ఒక మహిళ మెడకి 8 అడుగుల రెటిక్ చుట్టుకుని చనిపోయింది. 14 అడుగులు కాదు, 8.

దూరం లెక్క కూడా తెలుసుకోండి. పైతాన్ తన పొడవులో మూడో వంతు, ఒక్కోసారి దాదాపు సగం దాకా విసురుకోగలదు. అంటే పెట్టె ముందు ఐదారు అడుగుల మేర అంతా దాని అందుబాటులోనే ఉంటుంది. మామూలు గదిలో మీరు నిలబడేది ఆ హద్దు లోపలే.

కుబుసం
దానికే షిఫ్ట్ బాక్స్ ఉంది కదా. విషసర్పాల్ని పెంచేవాళ్లు వాడే పద్ధతే. పెద్ద పెట్టె లోపల 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తున్న చీకటి పెట్టె పెట్టి, దాని తలుపు బయటి నుంచే కడ్డీతో మూసేలా అమర్చాలి. పాము పగలంతా చీకట్లో పడుకుంటుంది. తోక కొసతో సహా లోపల ఉందో లేదో చూసుకుని కడ్డీ దించి తాళం వేసి, అప్పుడు నీళ్ల తొట్టి కడగొచ్చు, పెంట తీయొచ్చు. మనిషి, పాము ఒకేచోట ఉండే నిమిషాలే ఉండవు.

నల్లరేగడి
షిఫ్ట్ బాక్స్ చాలా మంచిది, ఏ సందేహమూ లేదు. కానీ 34 కిలోల పాముకి దాన్ని గట్టి ప్లైవుడ్‌తో, బోల్టులతో చేయాలి. జిగురు, చిన్న మేకులు చాలవు. రెటిక్ మూతితో ఒకేచోట గంటల తరబడి నెడుతుంది, ఎక్కడ కాస్త కదిలితే అక్కడే ఇంకా నెడుతుంది. ఇంకో సంగతి, కుబుసం కొత్తగా వదిలే ముందు కళ్లు పాలరంగుకి తిరిగినప్పుడు దానికి సరిగా కనిపించదు. ఆ వారం చీకటి పెట్టెలోంచి బయటికి రాకపోవచ్చు, వచ్చినా ఉలిక్కిపడి కరుస్తుంది. ఆ రోజుల్లో పని వాయిదా వేయాలి.

పైగా ఎప్పటికైనా పాముని పెట్టె బయటికి తీయక తప్పదు. జబ్బు చేస్తుంది, అద్దం పగులుతుంది, ఇల్లు మారతారు. ఆ రోజున ఎంతమంది ఉంటారన్నదే నా ప్రశ్న.

పశువైద్యం_చదివా
రెండు విషయాలు. మొదటిది, ప్రవర్తన ఉన్నట్టుండి మారిందా, మొదటి నుంచీ ఇంతేనా అన్నది పాత యజమానిని అడగండి. నొప్పి, నోటి పుండు, పురుగులు, గర్భం, ఊపిరితిత్తుల జబ్బు, వీటిలో ఏదున్నా పాము కరిచే గుణానికి వస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలున్నా, ఈలలాంటి చప్పుడు వస్తున్నా అది కోపం కాదు, జబ్బు.

మీ ఇంట్లో బాల్ పైతాన్ ఉంది కాబట్టి ఇంకా జాగ్రత్త కావాలి. పైతాన్లలో ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే నిడోవైరస్ ఉంటుంది, పైకి బాగున్న పాములో కూడా నెలల తరబడి దాగి ఉండగలదు. నోటి నుంచి దూదిపుల్లతో నమూనా తీసి పీసీఆర్ పరీక్ష చేయించాలి. 14 అడుగుల పాము నోట్లో దూదిపుల్ల పెట్టడానికే ముగ్గురు కావాలి, అది గుర్తుంచుకోండి. కనీసం 90 రోజులు వేరే గది, వేరే హుక్, వేరే గిన్నెలు. రోజూ ముందు పాత పాముల పని, తర్వాత కొత్తదాని పని.

రెండోది పాప. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లలో పాములు, తాబేళ్లు, బల్లులు పెంచొద్దని అమెరికా ఆరోగ్య శాఖవారి సీడీసీ చెబుతుంది, కారణం వాటి నుంచి అంటే సాల్మొనెల్లా బాక్టీరియా. ఈ పాము నీళ్ల తొట్టి కనీసం 50 లీటర్లది. దాన్ని వంటింటి సింకులో గానీ స్నానాల గదిలో గానీ కడగకూడదు. పెరట్లో గొట్టం, వేరే బకెట్, బ్లీచ్ ఉండాలి.

గుంటూరు_కారం_కాదు
అందరూ కాటు గురించే మాట్లాడుతున్నారు. తిండి సంగతి చూడండి. ఈ సైజు ఆడదానికి మూడు నాలుగు వారాలకి ఒక పెద్ద కుందేలు, రెండు రెండున్నర కిలోలది. ఏడాదికి 13 నుంచి 17 కుందేళ్లు. వీటికి వేరే చెస్ట్ ఫ్రీజర్ కావాలి. ఇంట్లో మాంసం ముట్టనివాళ్లుంటే ఆ మాట ముందే తేల్చుకోండి, తర్వాత దాచలేరు.

గడ్డకట్టిన కుందేలుని ఒక రోజున్నర ఫ్రిజ్‌లో ఉంచి, చివరి గంట వేణ్నీళ్లలో పెట్టాలి. పొట్ట లోపల కూడా చల్లదనం పోవాలి. మధ్యలో గడ్డ మిగిలితే పాము కక్కేస్తుంది. మైక్రోవేవ్ వద్దే వద్దు, ఒకవైపు ఉడికి పొట్ట పగులుతుంది. పైతాన్ పెదాల మీద వేడిని పసిగట్టే గుంటలుంటాయి, కాబట్టి ఇచ్చేటప్పుడు కుందేలు తల మీ చేతికన్నా వెచ్చగా ఉండాలి. 4 అడుగుల పట్టకారుతో ఇవ్వాలి, చేత్తో కాదు. కుందేలు ముట్టుకున్న చొక్కాతో పెట్టె దగ్గరికి వెళ్లొద్దు.

కుబుసం
దీనికి ఒకటి కలుపుతాను. మీదికొస్తోందని తిండి పెంచేవాళ్లుంటారు. కడుపు నిండితే శాంతిస్తుందని లెక్క. శాంతించదు, లావెక్కుతుంది. బందీగా ఉన్న రెటిక్‌లకి కొవ్వు పట్టడం చాలా మామూలు.

నల్లరేగడి
పెంచకూడదు, సరే. కడుపు ఎండగట్టకూడదు కూడా. 2009లో ఫ్లోరిడాలో రెండేళ్ల పాపని చంపింది ఎనిమిదిన్నర అడుగుల బర్మీస్ పైతాన్. దాన్ని ఉంచింది గాజు తొట్టిలో, మూతకి బదులు బొంత. నెల రోజులుగా తిండి లేదు. ఆ ఇంట్లో తప్పు పాముది కాదు, మూతది. మీ పెట్టెకి జారే అద్దాలుంటే రెండు అద్దాల మధ్య తాళం, ఆ గదికి వేరే తాళం, తలుపు కింద సందు మూసే పట్టీ ఉండాలి. నాలుగేళ్ల పాప గడియ తీయగలదు, తాళం చెవి కనిపిస్తే తాళమూ తీయగలదు.

తుంగభద్ర
చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు. టెక్సాస్‌లో రెటిక్, ఆఫ్రికన్ రాక్, ఆసియా రాక్ పైతాన్, గ్రీన్ అనకొండ ఉంచుకోవాలంటే పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇచ్చే కంట్రోల్డ్ ఎగ్జాటిక్ స్నేక్ పర్మిట్ ఉండాలి. పర్మిట్ ముందు, పాము తర్వాత. బయట వదిలేయడం నేరం. రాష్ట్రం ఒప్పుకున్నా మీ ఊరి మున్సిపాలిటీ, హెచ్ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోకపోవచ్చు, రెండూ రాతపూర్వకంగా అడగండి. ఇంటి బీమా కాగితంలో జంతువుల మినహాయింపులు చదవండి. చాలా పాలసీలు ఇలాంటి పాము వల్ల కలిగిన నష్టానికి పైసా ఇవ్వవు.

ఇంకొకటి కరెంటు. వెచ్చటి వైపు 88 నుంచి 90 ఫారన్‌హీట్, చల్లటి వైపు 78 నుంచి 80 ఉండాలి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సాస్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. చిన్న పాములైతే సంచిలో వేసి ధర్మాకోల్ పెట్టెలో వెచ్చగా ఉంచొచ్చు. 34 కిలోల పాముని, అదీ కరిచేదాన్ని, చలి ఇంట్లో చీకట్లో సంచిలోకి ఎవరు ఎక్కిస్తారు? దీనికి జెనరేటర్ తప్ప వేరే దారి లేదు.

మల్కాజిగిరి_నుంచి
అన్నా, ఇక్కడ హైదరాబాద్‌లో ఇట్లాంటిది పెంచుకోవచ్చా?

తుంగభద్ర
కుదరదు తమ్ముడూ. మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ ఒకటిలో (గట్టి రక్షణ ఉన్న జాబితా) ఉంది. రెటిక్ నికోబార్ దీవుల్లో సహజంగా ఉంటుంది, అదీ షెడ్యూల్ ఒకటే. పట్టుకున్నా ఉంచుకున్నా మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. పొలంలో కొండచిలువ కనిపిస్తే అటవీ శాఖకి చెప్పాలి, లేదా హైదరాబాద్ పరిసరాల్లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్లకి.

శివారు_వాసి
అందరికీ కృతజ్ఞతలు. పాత యజమాని వీడియో పంపారు. బుస లేదు. తలుపు జరగగానే తల తిప్పి నెమ్మదిగా ముందుకొస్తోంది, కుబుసం గారు చెప్పిన రెండో రకమే. పరీక్షలేవీ చేయించలేదట. నా భార్య ఆ గదిలోకి రానని ఖచ్చితంగా చెప్పింది.

నల్లరేగడి
అయితే వద్దండీ. రెండో మనిషి లేరు, పాపకి నాలుగేళ్లు. మీకు పాములు తెలియవని కాదు. బాల్ పైతాన్ దగ్గర చేసిన తప్పుకి చేతి మీద గీత పడుతుంది, దీని దగ్గర చేసిన తప్పు మళ్లీ చేసే అవకాశం ఉండదు.

కుబుసం
నేను మొదట తీసుకోవచ్చన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను, ఒంటరిగా మాత్రం వద్దు. కానీ ఆ పాముని గాలికొదిలేయొద్దు. ఇలాంటి పెద్ద పాముల్ని తీసుకునే ఆశ్రయాలు తక్కువ, ఉన్నవీ నిండిపోయి ఉంటాయి. పర్మిట్ ఉన్నవాళ్లని, దగ్గర్లోని హెర్పెటలాజికల్ సొసైటీని (పాములు, బల్లుల్లాంటివాటి మీద ఆసక్తి ఉన్నవాళ్ల సంఘం) ఇప్పుడే అడగడం మొదలుపెట్టండి. ఆఖరి వారందాకా ఆగితే మిగిలేది మందు ఇచ్చి చంపించడమే. అడిగేటప్పుడు నాలుగు విషయాలు రాసి ఇవ్వండి: బరువు, చివరిసారి తిన్న తేదీ, చివరిసారి కుబుసం విడిచిన తేదీ, ఆ వీడియో. మీదికొస్తుందన్న మాట దాచొద్దు. దాచి ఇచ్చిన పాము నెల తిరక్కుండా వెనక్కి వస్తుంది, లేదా ఎవరినో పట్టాక వస్తుంది.

పశువైద్యం_చదివా
తరలించే ముందు 10 నుంచి 14 రోజులు తిండి ఆపమనండి. కడుపులో కుందేలు ఉండగా కదిలిస్తే దారిలో కక్కుతుంది. గట్టి కుట్లున్న బట్ట సంచి, సంచి మూతి ముడి వేసి పైన తాడు, దాన్ని గాలి రంధ్రాలున్న తాళం డబ్బాలో. కారు డిక్కీలో కాదు, ఏసీ తగిలే వెనక సీటు కింద నేల మీద పెట్టాలి. ఎక్కించేటప్పుడు ముగ్గురు. ఒకవేళ కరిచి పట్టుకుంటే లాగొద్దు, పళ్లు వెనక్కి వంగి ఉంటాయి, చర్మం చీలుతుంది. ఒకరు తోక కొస పట్టుకుని అక్కడి నుంచి చుట్టలు విప్పుకుంటూ రావాలి, ఇంకొకరు నోటి దగ్గర చన్నీళ్లు గానీ, నోరు పుక్కిలించే మౌత్‌వాష్ గానీ పోయాలి. సీసా మూత ముందే తీసి చేతికందేలా పెట్టుకోండి.