ఎంఎస్ ఉన్నవాళ్లు ఎండాకాలంలో వ్యాయామం ఆపేయాలా?

వేపచెట్టు: మా వదినకి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), అంటే నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. ఇరవై నిమిషాలు నడిస్తే చూపు మసకబారుతుంది, కుడికాలి బొటనవేలు నేలకి రాసుకుంటుంది. డాక్టరు నడవమంటారు, ఇంట్లో వద్దంటారు. ఎవరి మాట వినాలి?

గోదారిగట్టు: ఆపేయండి. చూపు తగ్గిందంటే నరం దెబ్బతింటున్నట్టే. వానలు పడ్డాక చూసుకోవచ్చు.

ఫిజియోరాణి: దెబ్బతినడం కాదండీ. దీన్ని విల్‌హెల్మ్ ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే రాసిపెట్టారు. మైలిన్ అనే ఆ పై పొర పోయిన నరం ఒంటివేడి అర డిగ్రీ పెరిగినా సంకేతాన్ని సరిగ్గా దాటించలేదు. ఒళ్లు చల్లబడితే చూపు మళ్లీ మామూలవుతుంది. జ్వరం, ఇన్ఫెక్షన్ లేకుండా కొత్త లక్షణం 24 గంటలు దాటి ఉంటే అప్పుడు రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) అనుమానించి డాక్టరుకి ఫోన్ చేయాలి.

మరి ఎలా చేయాలంటే, ఉదయం ఆరులోపు, చల్లటి నీళ్లు తాగి, ఫ్యాను కింద. ఐదు నిమిషాల నడక, రెండు నిమిషాలు కూర్చోవడం, మళ్లీ ఐదు. బొటనవేలు నేలకి తగిలిందంటే ఆ రోజుకి అక్కడితో సరి. నడక లేని రోజున కుర్చీలోంచి ఎనిమిదిసార్లు లేచి కూర్చోవడం, కాసేపాగి ఇంకోసారి. దీనికి వేడి తక్కువ పుడుతుంది. చాలామంది చేసే తప్పు, మూత్రం ఆగదని నీళ్లు మానేయడం. దాంతో యూరిన్ ఇన్ఫెక్షన్, జ్వరం, కాళ్లు ఇంకా బరువు.

నీలిమేఘం: మా ఫిజియో కూడా విడతలుగానే చేయమన్నారు.

గోదారిగట్టు: ఆ 24 గంటలు ఎవరు లెక్కపెడతారండీ? మసకలో మెట్ల మీద పడితే తుంటి విరగదా?

ఫిజియోరాణి: పడటం నిజమైన భయమే, కాదనను. అందుకే వీపుకి ఆనుడు ఉన్న స్టాటిక్ సైకిలు, పాదానికి పట్టీ. వేలు రోజూ ఈడుస్తుంటే చీలమండకి స్ప్లింటు. కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మందు వాడేవాళ్లు ఒకటి గమనించాలి: బిగుతు తగ్గితే, ఆ బిగుతు మీదే నిలబడుతున్న కాలు ఒక్కసారి మడత పడొచ్చు. వేసుకునే వేళ డాక్టరుతో మాట్లాడి సర్దుకోవాలి. అమెరికాలో యూటా యూనివర్సిటీ 1996లో ప్రచురించిన పరిశోధనలో ఎంఎస్ ఉన్నవాళ్లు వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున 15 వారాలు చేశారు. బలం, దమ్ము రెండూ పెరిగాయి.

గోదారిగట్టు: యూటా వేరు, మన మే నెల వేరు. 24 గంటల సంగతి మీరు ఇంకా చెప్పలేదు.

ఎర్రమందారం: ఉదయం ఆరు అని ఎంత తేలిగ్గా రాశారండీ! ఆ వేళకి పొయ్యి ముందు ఉండేదెవరు? మంట ఊగుతుందని వంటింట్లో ఫ్యాను కూడా ఆపుతాం. ఒక పక్క కుక్కర్, ఒక పక్క పెనం. పిల్లల డబ్బాలు కట్టేసరికి కాళ్లు వణుకుతాయి. ఊట్‌హాఫ్ గారు చెప్పిన వేడి అక్కడే ఎక్కుతోంది, నడకలో కాదు.

గోదారిగట్టు: ఇంటిపని కూడా కదలికే కదా. ఉన్న ఓపిక నడకలో ఖర్చయితే మిగతా పని ఎలా సాగుతుంది?

ఎర్రమందారం: ఇదీ మీ అసలు మాట. నరాల మీద బెంగ కాదు, ఇల్లు ఆగిపోతుందని.

గోదారిగట్టు: ...ఇల్లు నడవాలి కదండీ. తప్పుగా అనుకోకండి.

ఫిజియోరాణి: పొయ్యి దగ్గర గంట నిలబడితే ఒళ్లు వేడెక్కుతుంది, తొడల్లో బలం మాత్రం పెరగదు. దాన్ని వ్యాయామం లెక్కలో వేయకండి. కూరలు రాత్రే తరిగి, పొయ్యి ఇంకొకరికి అప్పగిస్తే ఆ చల్లటి అరగంట దొరుకుతుంది.

వేపచెట్టు: అన్నయ్యకి చెప్తాను. మాది కాకినాడ. తడి తువ్వాలు చాలా, ఐసు కావాలా?

ఫిజియోరాణి: కాకినాడైతే ఐసు. ఉక్కపోతలో తడి ఆరదు, అది హైదరాబాద్ పొడి ఎండకి పనికొస్తుంది. ఐసుని పల్చటి గుడ్డలో చుట్టి, నడకకి ముందు మెడ వెనక, చంకల్లో పది నిమిషాలు. స్పర్శ తెలియని చోట మాత్రం పెట్టకండి, చర్మం కమిలినా ఆవిడకి తెలియదు.