రెండో స్టేజీ పెద్దపేగు క్యాన్సర్: ఆపరేషన్ అయ్యాక కీమో పెట్టించాలా, వద్దా?

గోదారి_గట్టు: మా నాన్నగారికి 66 ఏళ్లు. కుడివైపు పేగు తీసేశారు. రిపోర్టులో టీ3 (గడ్డ పేగు గోడ కండరం దాటింది), ఎన్0 (దగ్గరి లింఫ్ నోడ్లకు, అంటే లింఫ్ గ్రంథులకు, పాకలేదు) అని ఉంది. ఒక డాక్టరు ఫాలో అప్ చాలన్నారు, ఇంకొకాయన ఆరు నెలలు కీమో మాత్రలన్నారు. చుట్టాలంతా "ఎందుకొచ్చిన రిస్కు, పెట్టించెయ్" అంటున్నారు.

పాలమూరోడు: పెట్టించండి అన్నా. 2007లో క్వాసర్ ట్రయల్ (ఆపరేషన్ తర్వాత కీమో ఇస్తే, ఇవ్వకపోతే ఏమవుతుందని పోల్చిన పరిశోధన) ఫలితాలొచ్చాయి. 3,239 మందిలో ఎక్కువమంది రెండో స్టేజీవాళ్లే. కీమోతో నూటికి మూడు నలుగురు అదనంగా బతికారు. ఆ నలుగురిలో మీ నాన్న ఎందుకు ఉండకూడదు?

స్లైడు_కళ్లద్దాలు: మరి మిగతా తొంభై ఆరుమందికి విరేచనాలు, అరికాళ్ల మంటలు ఊరికేనా? స్టేజీ నంబరొక్కటే చూస్తే ఏదీ తేలదు. ఎన్0 పక్కన ఎన్ని లింఫ్ నోడ్లు చూశారో రాసుంటుంది. 0/18 అయితే, అంటే 18 చూస్తే ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేకపోతే, నిశ్చింత. 0/7 అయితే అసలు సరిగ్గా వెతికారా అని అనుమానం, కనీసం 12 చూడాలి. పేగుకు చిల్లు పడిందా, పూర్తిగా మూసుకుపోయిందా, రక్తనాళాల్లోకి పాకిందా అన్నవీ చూడండి. టీ4 (గడ్డ పేగు బయటి పొరను కూడా దాటినది) ఎన్0 వాళ్లకన్నా మూడో స్టేజీ మొదట్లో ఉన్నవాళ్లే ఎక్కువకాలం బతకడం మామూలే.

గోదారి_గట్టు: 0/9 అని ఉందండీ. చిల్లు లేదు. ఎంఎంఆర్ టెస్టు (గడ్డ కణాల్లో డీఎన్ఏ తప్పులు దిద్దే వ్యవస్థ పనిచేస్తోందా అని చూసేది) చెయ్యలేదు.

స్లైడు_కళ్లద్దాలు: ముందు అది చేయించండి. తీసిన ముక్క బ్లాకు (మైనంలో భద్రపరిచినది) ల్యాబులోనే ఉంటుంది, మళ్లీ సూది అక్కర్లేదు. కుడివైపు గడ్డల్లో ఎంఎంఆర్ లోపం ఎక్కువ. రెండో స్టేజీలో ఆ లోపం ఉంటే మళ్లీ తిరగబెట్టే అవకాశం తక్కువ, పైగా ఆ మాత్రల వల్ల లాభమూ కనబడలేదు. క్వాసర్ సగటులో ఇవన్నీ కలిసిపోయాయి తమ్ముడూ.

మెల్‌బోర్న్_మావయ్య: ఇక్కడి డైనమిక్ ట్రయల్ (2022) చూడండి. ఆపరేషన్ తర్వాత రక్తంలో క్యాన్సర్ డీఎన్ఏ కనబడినవాళ్లకే కీమో ఇచ్చారు. కీమో తీసుకున్నవాళ్లు మామూలు పద్ధతిలో 28 శాతం ఉంటే, ఇలా చేస్తే 15 శాతానికి తగ్గారు, రెండేళ్లకు ఫలితం దాదాపు సమానం.

పాలమూరోడు: ఆ టెస్టు ఖర్చు ఎవరు పెడతారు మావయ్యా? 0/9 దగ్గర నాకు ఇంకా గుబులే.

స్లైడు_కళ్లద్దాలు: ఆ గుబులు న్యాయమే. ఎంఎంఆర్ మామూలుగా ఉంటే నేనూ మాత్రలవైపే. గట్టుగారూ, పెట్టించేదైతే ఎనిమిది వారాల్లోపు మొదలవ్వాలి. రేపే ల్యాబుకి ఫోన్ చేసి బ్లాకు గురించి అడగండి.