మగ్గాల గదిలో తీయడానికి సెకండ్ హ్యాండ్ మీడియం ఫార్మాట్: ఆర్‌బీ67 మంచిదా, బ్రోనికానా?

ఉప్పాడ_దారి:
35 ఎంఎం ఫిల్మ్ చాలాకాలంగా తీస్తున్నాను, ఇప్పుడు 120కి (అంతకంటే వెడల్పైన ఫిల్మ్, దీన్నే మీడియం ఫార్మాట్ అంటారు) వెళ్దామని. ఉప్పాడ వైపు జాందానీ నేసే ఇళ్లలో ఫొటోలు తీస్తుంటాను. గుంట మగ్గం కాబట్టి మనుషులు దాదాపు నేల మట్టంలో కూర్చుని ఉంటారు, ఒక్కో మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే, గది ఇరుకు, వెలుగు అంటే ఒక కిటికీ, ఒక ట్యూబ్‌లైట్, అంతే. ఫ్లాష్ వాడను. బాడీ, ఒక లెన్స్, ఫిల్మ్ బ్యాక్ (ఫిల్మ్ పెట్టే వెనక డబ్బా), ఫైండర్ అన్నీ కలిపి 80 వేలు దాటకూడదు. మామియా ఆర్‌బీ67 ప్రో-ఎస్, బ్రోనికా ఎస్‌క్యూ-ఏ, పెంటాక్స్ 67 చూస్తున్నాను. ఎవర్నడిగినా హాసెల్‌బ్లాడ్ అంటున్నారు కానీ ఆ రేట్లు చూస్తే నిద్ర పట్టట్లేదు.

బెల్లోస్_బాబాయ్:
ముందు పెంటాక్స్‌ని పక్కన పెట్టండి. చెడ్డదని కాదు, ఆ 105 ఎంఎం ఎఫ్2.4 లెన్స్ అంటే నాకూ ప్రాణమే, కానీ మీరు చెప్పిన వెలుగులో పనంతా 1/30, 1/15 దగ్గర జరుగుతుంది, సరిగ్గా అక్కడే దాని అద్దం, షటర్ తెర కలిసి కొట్టే దెబ్బకి చేతిలో కెమెరా అదురుతుంది. అద్దం ముందే లేపుకునే మోడల్ అయితే స్టాండ్ మీద సర్దుకోవచ్చు, అయితే అద్దం లేచాక ఫైండర్‌లో అంతా చీకటే, ఈలోపు మనిషి తల తిప్పినా మీకు తెలీదు.

మిగిలిన రెండింటికీ షటర్ లెన్స్‌లోనే ఉంటుంది. అద్దం వీటిలోనూ లేస్తుంది గానీ తెర కుదుపు ఉండదు. ఆర్‌బీ67 1970లో వచ్చింది, స్టూడియోలో స్టాండ్ మీద పెట్టి వాడటానికి చేసిన బండ కెమెరా, లెన్స్‌తో కలిపి రెండున్నర కిలోలు దాటుతుంది. దాని గొప్పతనం బెల్లోస్, అంటే లెన్స్‌ని ముందుకి జరిపే మడతల గొట్టం. పోగుల మధ్య ఆడే వేళ్లకి బాగా దగ్గరగా వెళ్లొచ్చు, వేరే ట్యూబులు కొననక్కర్లేదు (బెల్లోస్ సాగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, కెమెరా పక్కనున్న స్కేలు చూసి ఎక్స్‌పోజర్ పెంచుకోవాలి, ఇది చాలామంది పట్టించుకోరు). నిలువు ఫొటో కావాలంటే బ్యాక్ ఒక్కటి తిప్పితే చాలు. కానీ మామూలుగా దొరికే 90 ఎంఎం ఎఫ్3.8, బ్రోనికా 80 ఎంఎం ఎఫ్2.8 కంటే దాదాపు ఒక స్టాప్ తక్కువ, అంటే సుమారు సగం వెలుగే. 400 ఫిల్మ్ మీద ఎఫ్2.8, 1/30 వచ్చే చోట ఆర్‌బీతో 1/15కి దిగాలి, అంత బరువుతో.

నేనైతే ఎస్‌క్యూ-ఏ తీసుకుంటా. 6x6 (సెంటీమీటర్లలో, చదరపు ఫ్రేమ్) కాబట్టి అడ్డం నిలువు గొడవే లేదు, పైనుంచి చూసే ఫైండర్‌తో కెమెరాని నేల దగ్గర పట్టుకుంటే నేసేవాళ్ల కళ్ల ఎత్తుకి సరిగ్గా వస్తుంది. ఫైండర్‌లో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి, అలవాటైపోతుంది.

చీకటిగది:
బాబాయ్ గారు చెప్పిందానికి ఒక్క తేడా చెప్తాను. ఆర్‌బీకి బ్యాటరీతో పనే లేదు, అంతా మెకానికల్, అందుకే ఊళ్లలో కూడా చేయి తిరిగిన పాత మెకానిక్ ఎవరైనా విప్పగలడు. బ్రోనికా షటర్ టైమింగ్ ఎలక్ట్రానిక్, కంపెనీ 2005 నాటికే తయారీ ఆపేసింది, సర్క్యూట్ పోతే ఇంకో చచ్చిన బాడీలోంచి పార్ట్ తీసి వేయాల్సిందే. ఇది తెలిసి కొనండి, భయపడి మానేయక్కర్లేదు.

చూడ్డానికి వెళ్లేటప్పుడు 6 వోల్ట్‌ల కొత్త బ్యాటరీ (4ఎస్‌ఆర్44) జేబులో పెట్టుకోండి. బ్యాటరీ లేకపోతే ఎస్‌క్యూ-ఏ మీరు ఏ స్పీడు పెట్టినా 1/500లోనే పేలుతుంది, అమ్మేవాడు "చూడండి, టక్‌మని కొడుతోంది" అంటే నమ్మేస్తారు. బ్యాటరీ వేసి ఒక సెకను, 1/4, 1/30 వరసగా కొట్టి వినండి. ఆర్‌బీ అయితే ఒక సెకనులో బాగా వినండి, లోపలి గ్రీజు గట్టిపడితే ఈడ్చుకుంటూ పోతుంది లేదా మధ్యలో ఆగిపోతుంది, బెల్లోస్ మూలల్లో చిల్లులు కూడా చీకట్లో టార్చి పెట్టి చూసుకోవాలి.

లెన్స్ మన కోస్తా గాలికి ఫంగస్ పట్టకుండా ఉండటమే విచిత్రం. అపెర్చర్ పూర్తిగా తెరిచి వెనక నుంచి ఫోన్ టార్చి వేసి పక్కవాటంగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే వదిలేయండి, నాలుగు ధూళి రేణువులుంటే ఏమీ కాదు. లైట్ సీల్స్ స్పాంజి జిగటగా మారితే దాన్ని చూపించి రేటు తగ్గించండి, మార్చడం పెద్ద ఖర్చు కాదు. జపాన్ నుంచి తెప్పిస్తే మాత్రం "మింట్" అని రాసిన దాని కింద చిన్న అక్షరాల్లో హేజ్ (లెన్స్ లోపలి మసక), ఫంగస్ అని ఉందేమో చూసి, కస్టమ్స్ కూడా కలిపి లెక్కేసుకోండి.

రోల్‌కి_పన్నెండు:
ఫిల్మ్ ఖర్చు ఎవరూ అనలేదే. ఒక 120 రోల్‌కి 6x7లో 10 ఫొటోలు, 6x6లో 12, 645లో 15 లేదా 16. ఆ ఖర్చు మీకు ముఖ్యమైతే మామియా 645 కూడా చూడండి, దాని 80 ఎంఎం ఎఫ్1.9 మీ గదికి సరిపోయే లెన్స్, కాకపోతే అంత తెరిస్తే ఒక కన్ను ఫోకస్‌లో ఉండి రెండోది ఉండదు. బ్లాక్ అండ్ వైట్ అయితే హెచ్‌పీ5ని 1600కి పుష్ చేసి (400 ఫిల్మ్‌ని 1600 అనుకుని తీసి, ఎక్కువసేపు డెవలప్ చేయడం) ఇంట్లోనే కడుక్కోవచ్చు. కలర్‌లో చీర రంగులు కావాలంటే కిటికీ వెలుగు ఒకవైపు, ట్యూబ్‌లైట్ ఆకుపచ్చ ఛాయ ఒకవైపు పడి ముఖాలు పాడవుతాయి. అలాగని లైటు ఆర్పమని అడక్కండి, వాళ్ల పని ఆగిపోతుంది. కిటికీ పక్క మగ్గం ఎంచుకోవడమే దారి.

ఉప్పాడ_దారి:
అందరికీ థ్యాంక్స్. విజయవాడలో ఒక పాత స్టూడియో వాళ్ల దగ్గర ఎస్‌క్యూ-ఏ ఉందట, 80 ఎంఎంతో. బ్యాక్ మాత్రం 220ది అంటున్నారు. 120 ఫిల్మ్ నడుస్తుందా?

చీకటిగది:
నడుస్తుంది గానీ వద్దు. 220 ఫిల్మ్ 120కి రెట్టింపు పొడవు, దానికి వెనక కాగితం ఉండదు, 120కి ఉంటుంది, ఆ మందానికి 220 బ్యాక్‌లో ఫిల్మ్ కూర్చునే తీరు మారుతుంది, కౌంటర్ 24 దాకా లెక్కపెడుతూ పోతుంది. 220 ఫిల్మ్ ఇప్పుడు మార్కెట్లో దొరకడం చాలా అరుదు కాబట్టి ఆ బ్యాక్‌కి విలువ లేనట్టే, ఆ మాటే చెప్పి బేరం ఆడండి. 120 బ్యాక్ విడిగా కొన్నా మీ 80 వేలలో సర్దుకోవాలి.